పీకి పారేసే పన్ను, పీకి నాటే పన్ను

మావాడికి పదకొండేళ్ళు. ఏడాదిన్నర కిందట బడి మైదానంలో పరిగెత్తుతూ పడ్డాడు. పై వరుసలో కుడివైపు ముందుపన్ను వేరుతో సహా ఊడొచ్చింది. ఎవరో దాన్ని ఏరి, మట్టి పోయేదాకా కుళాయి కింద రుద్ది కడిగి, కాగితంలో చుట్టి నా చేతిలో పెట్టారు. ఆ పొట్లం పట్టుకుని డాక్టరు దగ్గరికి చేరేసరికి రెండు గంటలు దాటింది. ఆయన దాన్ని తిరిగి లోపల కూర్చోబెట్టి, పక్కపళ్ళతో కలిపి తీగ కట్టి, తరవాత రూట్ కెనాల్ చేశారు. పన్ను నిలిచింది. గండం గడిచిందనుకున్నాను.

గడవలేదు. పక్కపన్ను వయసుతోపాటు కిందికి దిగుతుంటే ఇది మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది. ఇప్పుడు రెండు మిల్లీమీటర్లు పొట్టిగా కనిపిస్తోంది. దానికి తోడు వాడికి మా నాన్నగారి పోలిక వచ్చింది. పైన ఎత్తు పళ్ళు, కింద ఒకదాని మీద ఒకటి ఎక్కిన ఇరుకు. ఎటూ క్లిప్పులు వేయించాల్సిందే.

వరలక్ష్మీ వ్రతానికి తెనాలి వెళ్ళినప్పుడు మా మామయ్యకి చూపించాను. ఆయన ముప్పయ్యయిదేళ్ళు పళ్ళకి క్లిప్పులు వేసిన ఆర్థోడాంటిస్టు. హైదరాబాదు నుంచి మా చెల్లీ వచ్చింది. అది దవడల సర్జన్. మధ్యాహ్నం భోజనాలయ్యాక వసారాలో ఇద్దరూ ఎక్స్‌రే ఫిల్ము వెలుతురుకి పట్టుకుని చూశారు. చూసిన మరుక్షణం నుంచి చీకటి పడేదాకా ఒకరి మాట ఒకరు ఒప్పుకోలేదు. వాళ్ళు మాట్లాడింది నా కొడుకు నోటి గురించి. అందుకని ఆ రాత్రే గుర్తున్నంతా కాగితం మీద పెట్టాను.

మామయ్య: ముందు దీని సంగతి తేల్చు. (చిన్న అద్దం పిడితో మావాడి ముందుపళ్ళని ఒక్కొక్కటిగా తట్టాడు.) విన్నావా పెద్దమ్మాయ్? పక్కవి తడితే మెత్తటి చప్పుడు. ఇది మాత్రం గిన్నెని తట్టినట్టు ఖంగుమంటోంది. ఎముకకి అతుక్కుపోయింది.

నేను: అతుక్కుంటే మంచిదే కదా మామయ్యా, గట్టిగా ఉంటుంది.

చెల్లి: కాదక్కా. పన్నూ ఎముకా ఎప్పుడూ నేరుగా తగలకూడదు. మధ్యలో ఒక పొర ఉంటుంది, మిల్లీమీటరులో అయిదో వంతు మందం. పెరియోడాంటల్ లిగమెంట్ అంటాం. పన్ను ఎముకలో దిగేసిన మేకు కాదు, ఆ పొర నారల మీద ఊగే ఉయ్యాల లాంటిది. నువ్వు తెచ్చిన పొట్లంలో వేరు మీద అంటుకుని ఉన్నది ఆ పొరే. కుళాయి కింద రుద్దినప్పుడు సగం పోయింది. కాగితంలో ఎండినప్పుడు మిగతాది చచ్చిపోయింది. పొర లేని వేరుని ఎముక తన ముక్కే అనుకుంటుంది. మెల్లగా తినేసి, ఆ చోట తనే పెరుగుతుంది. కొన్నేళ్ళకి వేరనేదే మిగలదు.

మామయ్య: ఊడిన పన్నుని తల దగ్గర పట్టుకుని, నీళ్ళలో ఒక్కసారి ముంచి, అక్కడికక్కడే దాని గుంటలో పెట్టెయ్యాలి. భయమేస్తే చల్లటి పాలల్లో వెయ్యాలి. ఇంత మాత్రం ప్రతి బడి గోడ మీదా రాసి ఉండాలి.

పాలు. ఆ రోజు మైదానం గేటు ఎదురుగానే పాలబూత్ ఉంది.

చెల్లి: అయిందేదో అయింది. ఇప్పుడేం చెయ్యాలో నేను చెప్తాను. వీడి ఇరుకుకీ ఎత్తుకీ మామయ్య ఎలాగూ నాలుగు ప్రీమోలార్లు పీకించాలంటాడు. కోరపన్ను వెనకాల ఉండే చిన్న దవడపళ్ళక్కా అవి. పీకినవి ఏం చేస్తారు? చెత్తబుట్టలో పడేస్తారు. వాటిలో ఒకదాన్ని పడెయ్యొద్దంటున్నాను. ఈ అతుక్కుపోయిన పన్ను తీసేసి, ఆ గుంటలో వాడి సొంత ప్రీమోలార్ నాటుదాం.

మామయ్య: నాటుదామని ఎంత సులువుగా అనేశావే! నీకు కత్తి చేతిలో ఉంటుంది కాబట్టి ప్రతి చిక్కూ కోసేసేదిలాగే కనిపిస్తుంది. నేను ఇన్నేళ్ళలో కొన్ని వేల పళ్ళని కదిపాను. ఒక్కదాన్నీ దాని రక్తనాళం నుంచి తెంపలేదు. మా తీగ పన్నుని లాగుతుందనుకుంటారు గానీ, నిజానికి కదిపేది ఆ పొరే. ఒకవైపు ఒత్తిడి పడితే అక్కడ ఎముక కరుగుతుంది, ఇంకోవైపు సాగితే అక్కడ కొత్త ఎముక పడుతుంది. నెలకి మహా అయితే ఒక మిల్లీమీటరు. పన్ను తన బతుకు తనతో మోసుకుంటూ నడుస్తుంది. నువ్వు చేసేది దాన్ని వేరుతో పెకలించి ఇంకోచోట గుచ్చడం. ఆ పొరకి దెబ్బ తగిలిందా, మళ్ళీ ఇదే కథ, ఇదే చోట. ఒకసారి అతుక్కున్న చోటే రెండోసారీ అతుక్కుంటే ఈ పిల్లాడికి ఏం చెప్తావ్?

చెల్లి: సరిగ్గా ఆ భయం చుట్టూనే ఈ పద్ధతంతా అల్లుకుంది మామయ్యా. నార్వేలో స్లాగ్స్‌వోల్డ్, బ్యెర్కె అని ఇద్దరు. నీలాంటి ఆర్థోడాంటిస్టులు, సర్జన్లు కారు. వాళ్ళు 1960ల నుంచీ ఓస్లోలో పిల్లలకి ఇదే చేశారు. పన్ను పూర్తిగా తయారవకముందే, వేరు ముక్కాలు వంతు పెరిగి కొస ఇంకా తెరిచి ఉన్నప్పుడే తియ్యాలని వాళ్ళే తేల్చారు. ఇదిగో ఈ ఫిల్ములో చూడు, వీడి కింది ప్రీమోలార్ వేరు కొస. గరాటులా విచ్చుకుని ఉంది కదా? తెగిన రక్తనాళాలు ఆ గరాటులోంచి మళ్ళీ లోపలికి పాకుతాయి. పన్ను మళ్ళీ బతుకుతుంది. రూట్ కెనాల్ అక్కర్లేదు.

మామయ్య: ప్రతిసారీ పాకుతాయా?

చెల్లి: ప్రతిసారీ అనను. డెన్మార్కులో ఆండ్రియాసెన్ బృందం 370 ప్రీమోలార్లని నాటి, ఏళ్ళ తరబడి వెంటపడి చూసి 1990లో వెల్లడించింది. వేరు కొస తెరిచి ఉన్నవాటిలో లోపలి గుజ్జు 96 శాతం కోలుకుంది. కొస మూసుకున్నవాటిలో 15 శాతమే. అందుకే పెద్దవాళ్ళ పన్ను నాటితే రెండు మూడు వారాల్లో రూట్ కెనాల్ చేసెయ్యాలి. కానీ పన్ను నోట్లో నిలబడటం మాత్రం రెండు రకాల్లోనూ 90 శాతం పైనే.

మామయ్య: ఆ లెక్కలు నేనూ చదివాను. కోపెన్‌హాగెన్‌లో, ఓస్లోలో, జీవితమంతా అదే పని మీద కూర్చున్న చేతుల లెక్కలవి. ఆ అంకెల్ని తెచ్చి మన జిల్లా ఊళ్ళో కుర్చీ పక్కన పెట్టి ఇక్కడా ఇంతేనంటే ఎలా? ఓస్లోవాళ్ళవి పదిహేడేళ్ళ నుంచి నలభై ఒక్క ఏళ్ళ దాకా నిలిచాయని 2002లో వచ్చిన వ్యాసం గుర్తుంది నాకు. 90 శాతం పళ్ళు నోట్లో ఉన్నాయి, నిజమే. కానీ అన్ని రకాలా బాగున్నాయని వాళ్ళే ఒప్పుకున్నవి 79 శాతం. అదీ చూసింది ముప్ఫై చిల్లర పళ్ళనే.

చెల్లి: నలభై ఏళ్ళు మామయ్యా! పన్నెండేళ్ళప్పుడు నాటిన పన్నుతో యాభై దాటినవాళ్ళు చెరుకు నమిలేంత కాలమది. మనం వేసే ఏ కట్టుడు పన్నుకి ఆ ఆయుష్షుంది?

ఇక్కడ కాసేపు ఇద్దరూ ఆగారు. అత్తయ్య కాఫీ తెచ్చింది. వీధి చివర్నుంచి ట్రాక్టరు శబ్దం వినిపిస్తోంది. మామయ్య పొలంలో నాట్లు పడుతున్నాయి. ఆ చుట్టుపక్కల చాలామంది ఇప్పుడు వెదజల్లేస్తున్నారు గానీ ఆయన ఇంకా నారు పోసి నాట్లే వేయిస్తాడు. ఆ నాట్ల పోలిక చెల్లికీ తట్టింది.

చెల్లి: నారు ఎప్పుడు పీకుతావు మామయ్యా?

మామయ్య: పాతిక రోజులకి. నెల దాటనివ్వను.

చెల్లి: ముదిరితే?

మామయ్య: పిలకలు సరిగా వెయ్యదు. నువ్వు ఎటు తీసుకెళ్తున్నావో తెలుస్తోందిలే. కానీ విను. నారు నాటిన దుబ్బుల్లో కొన్ని చస్తాయి, ఆ ఖాళీల్లో మళ్ళీ గుచ్చుకుంటాం. ఎకరంలో నాలుగు దుబ్బులు పోతే రైతుకి నష్టం లేదు. వీడికున్నది ఒకే ముందుపన్ను. వందలో పది విఫలమైతే ఆ పదిలో వీడుంటే, వీడికది నూటికి నూరు.

ఈ మాటకి మా చెల్లి వెంటనే జవాబు చెప్పలేదు. నాకు ఆ మౌనం నచ్చింది. పేషెంటు తరఫువాళ్ళకి శాతాలు చెప్పేటప్పుడు డాక్టర్లు ఇలా ఒక్క క్షణం ఆగితే బాగుండునని చాలాసార్లు అనుకున్నాను.

చెల్లి: సరే. విఫలమైతే ఏమవుతుందో కూడా చూద్దాం. నాటిన పన్ను అతుక్కుపోయినా, వేరు కరిగినా, ఆ చోట ఎముక మిగులుతుంది. ఎటూ పీకేయాల్సిన పన్నే పోతుంది. మంచి పన్నేదీ పోదు. పెద్దయ్యాక ఇంప్లాంట్ దారి అప్పటికీ తెరిచే ఉంటుంది. ఇక నీ దారులు చెప్పు, వాటినీ ఇలాగే తూకం వేద్దాం.

మామయ్య: మొదటి దారి నా సొంతది. చెడిన పన్ను తీసేస్తాం. ఆ ఖాళీని పారెయ్యం, వాడుకుంటాం. పక్కనున్న చిన్న ముందుపన్నుని మధ్యకి జరుపుతాం, కోరపన్ను దాని స్థానంలోకి వస్తుంది, వెనకవన్నీ ఒక్కో అడుగు ముందుకి. ఆ వైపు పై ప్రీమోలార్ పీకక్కర్లేదు. ఇరుకూ పోతుంది, ఎత్తూ తగ్గుతుంది. కత్తి లేదు, కుట్టు లేదు. కావాల్సింది రెండున్నరేళ్ళ ఓపిక.

చెల్లి: నిజాయితీ ఉన్న దారే, కాదనను. కానీ పెద్ద ముందుపన్ను మెడ దగ్గర 7 మిల్లీమీటర్లు ఉంటుంది, పక్కది 5. అయిదు మిల్లీమీటర్ల మెడ మీద పెద్ద పన్ను ఆకారం కట్టాలి. కాంపోజిట్ పెట్టి ఎంత వెడల్పు చేసినా చిగురు దగ్గర సన్నగా, అంచు దగ్గర పారలా కనిపిస్తుంది. వీడు నవ్వితే చిగురు కూడా కనిపిస్తుంది, చూశావుగా. అదే కింది ప్రీమోలార్‌ని పావు వంతు తిప్పి నాటితే మెడ ఆరున్నర దాకా వస్తుంది. మధ్య గీతకి అటూ ఇటూ తూకం కుదురుతుంది.

మామయ్య: ప్రీమోలార్‌కి రెండు కొమ్ములుంటాయే?

చెల్లి: లోపలి కొమ్ముని కొద్దికొద్దిగా అరగదీస్తాం. ముందు కాంపోజిట్‌తో ముందుపన్ను ఆకారం ఇస్తాం, పెద్దయ్యాక పింగాణీ పెంకు అతికించుకోవచ్చు. పంటి రంగులో కాస్త తేడా ఉంటే అదీ అప్పుడే సరిపోతుంది. నీ రెండో దారి?

మామయ్య: రెండోది స్వీడన్‌వాళ్ళు 1984లో చెప్పింది. అతుక్కున్న పన్ను తలమాత్రం కోసేసి వేరుని ఎముకలోనే వదిలేస్తాం. అది మెల్లగా ఎముకగా మారి ఆ చోటు వెడల్పు కాపాడుతుంది. వీడికి ఇరవయ్యేళ్ళొచ్చి దవడ ఎదగడం ఆగాక ఇంప్లాంట్.

చెల్లి: అప్పటిదాకా?

మామయ్య: పక్కపంటికి అతికించిన బ్రిడ్జి.

చెల్లి: తొమ్మిదేళ్ళు మామయ్యా. మాటిమాటికీ ఊడొచ్చే అతుకుడు పన్నుతో హైస్కూలు, ఇంటరు, ఇంజనీరింగు సగం. ఆ తరవాత పెట్టే ఇంప్లాంట్ ఏమిటి? మేకు. ఎముకకి నేరుగా అతుక్కున్న టైటానియం మేకు. బ్రోనెమార్క్ స్వీడన్‌లో 1965లో మొదటి మనిషికి పెట్టింది ఆ అతుక్కోవడం కోసమే, ఆ గొప్పతనం ఎక్కడికీ పోదు. కానీ ఇప్పుడు ఈ పంటికి వచ్చిన జబ్బు ఏదో, ఇంప్లాంట్ స్వభావం సరిగ్గా అదే. మనిషి ముఖం ఇరవయ్యేళ్ళకి పూర్తిగా ఆగిపోదు. చుట్టూ ఉన్న పళ్ళు ఏళ్ళ తరబడి కొంచెం కొంచెం దిగుతూనే ఉంటాయి, ఇంప్లాంట్ దిగదు. ముప్పయ్యయిదేళ్ళకి అది మళ్ళీ పొట్టి పన్నే. వేరు చుట్టూ బతికిన పొరతో నాటిన పన్నయితే వాడితోపాటు దిగుతుంది, చుట్టూ ఎముకని తనే పెంచుకుంటుంది, నీ తీగ లాగితే కదులుతుంది కూడా. ఇంప్లాంట్‌ని నువ్వు అర మిల్లీమీటరైనా కదపగలవా?

మామయ్య కళ్ళజోడు తీసి పంచె కొంగుతో తుడుచుకున్నాడు. ఆయన ఆలోచిస్తున్నాడని మా ఇంట్లో అందరికీ తెలిసే గుర్తు అది.

మామయ్య: నీకింకో సంగతి చెప్పనా? మా విద్యలో మొదటి పెద్దాయన ఆంగిల్. అమెరికాలో వందేళ్ళకి పైగా కిందట, దేవుడిచ్చిన ముప్ఫై రెండు పళ్ళూ వరసలో పట్టాల్సిందే, ఒక్కటీ పీకడానికి వీల్లేదని పట్టుబట్టాడు. ఆయన పోయాక ఆయన శిష్యుడే ట్వీడ్, గురువు పద్ధతిలో సరిచేసిన నోళ్ళు మళ్ళీ చెదిరిపోవడం చూసి నాలుగు ప్రీమోలార్లు పీకడం మొదలుపెట్టాడు. ఎంత గొడవైందో! నేను ట్వీడ్ దారిలోనే చదువుకున్నాను, అదే చేశాను. ఎన్ని ప్రీమోలార్లు పీకించి ఉంటానో లెక్క లేదు. ఒక్క పుచ్చు లేని పళ్ళు. పన్నెండేళ్ళ పిల్లల పళ్ళు. స్టీలు ట్రేలో పడినప్పుడు టంగుమనేది. ఆ చప్పుడు నాకు ఎప్పుడూ నచ్చేది కాదు.

చెల్లి: అంటే ఒప్పుకున్నట్టేనా?

మామయ్య: లేదు. నీ ఉత్సాహం ఎక్కడ ఆగాలో చెప్పకుండా ఎలా ఒప్పుకుంటాను? మొన్న ఇదే కుర్చీలో ఒక పిల్ల కూర్చుంది. పదమూడేళ్ళు. పై కోరపన్ను దిగకుండా అంగిట్లో అడ్డంగా పడుకుంది. వందలో ఇద్దరికి ఉంటుంది ఇలాంటిది. మీ సర్జన్లు ఇప్పుడు దాన్నీ పీకి నాటేద్దాం, రెండేళ్ళ పని ఒక పూటలో అయిపోతుందంటున్నారు. చిగురు కాస్త తెరిచి, పంటికి చిన్న గొలుసు అతికించి, మెల్లగా దాన్ని దాని ఇంటికి నడిపించుకు రావచ్చు కదా?

చెల్లి: అక్కడ నేను నీ పక్షమే. కోరపన్ను వేరు ఆ వయసుకి దాదాపు పూర్తయిపోతుంది, పొడుగ్గా ఉంటుంది, ఎముకలో లోతుగా ఉన్నదాన్ని పొర చెడకుండా తియ్యడం కష్టం. లాగి తేగలిగినంత వరకూ లాగడమే మేలు. మరీ ఎత్తులో అడ్డం పడి నీ గొలుసుకి రానిదైతేనో, పెద్దవాళ్ళై క్లిప్పులు వద్దని భీష్మించుకుంటేనో అప్పుడు నాటడం. అది ఆఖరి దారి. వీడి సంగతి వేరు. వీడికి పీకాల్సిన పన్నుంది, నాటాల్సిన చోటుంది, వేరు వయసు సరిగ్గా ఉంది. ఈ మూడూ ఒకే నోట్లో, ఒకే ఏడాదిలో కలవడం అరుదు. వచ్చే వేసవికి ఆ గరాటు మూసుకోవడం మొదలవుతుంది.

నేను అంతదాకా వింటూనే ఉన్నాను. నాకు ఒక్కటే అర్థం కాలేదు, అడిగాను: ఒకరి పన్ను ఇంకొకరికి పెట్టేవాళ్ళని ఎక్కడో చదివాను, అది ఇదేనా?

చెల్లి మొహం మారింది.

చెల్లి: కాదక్కా. అది సిగ్గుపడాల్సిన చరిత్ర. పద్దెనిమిదో శతాబ్దం లండన్‌లో డబ్బున్నవాళ్ళు పేదపిల్లల్ని పిలిపించి, కుర్చీ పక్కనే నిలబెట్టి పీకించి, వెచ్చగా ఉండగానే తమ నోట్లో పెట్టించుకునేవాళ్ళు. జాన్ హంటర్ అంతటి శస్త్రవైద్యుడు దాన్ని సమర్థించాడు. మనిషి పన్నుని కోడిపుంజు జుట్టులో నాటి చూపించాడు కూడా. ఆ పళ్ళు నిలవలేదు. పరాయి శరీరాన్ని మన శరీరం ఒప్పుకోదు. కొందరికి ఆ పళ్ళతోపాటు సిఫిలిస్ వచ్చింది. మనం అనుకుంటున్నదానికి ఇంకో మనిషి అక్కర్లేదు. ఇచ్చేదీ వాడే, పుచ్చుకునేదీ వాడే.

మామయ్య: సరే, ఆ పూట ఏం చేస్తావో వరసగా చెప్పు. ఎక్కడ జారుతుందో నేను చూస్తాను.

చెల్లి: ముందు సీబీసీటీ, అంటే దవడకి త్రీడీ స్కాన్. అందులోంచి ఆ ప్రీమోలార్ ఎంతుందో అంత, వేరు వంపులతో సహా, ప్లాస్టిక్ నమూనా అచ్చు తీస్తాం. కొరియావాళ్ళు 2001లోనే ఇది మొదలుపెట్టారు. అంతకుముందు అసలు పన్నునే గుంటలో పెట్టి తీసి, చాలకపోతే గుంట తొలిచి మళ్ళీ పెట్టి చూసేవాళ్ళు. పెట్టినప్పుడల్లా పొర నలిగేది. ఇప్పుడు నలిగేది ప్లాస్టిక్. ఆ రోజు ముందు అతుక్కున్న పన్ను తీస్తాం...

మామయ్య: అదిగో, అక్కడ జారుతుంది. ఎముకకి అతుక్కున్నదాన్ని తీసేటప్పుడు ముందువైపు ఎముక గోడ విరుగుతుంది. అట్ట ముక్కంత పలచనది అది.

చెల్లి: నిజం. అందుకే లాగం. ముక్కలు చేసి లోపలివైపు నుంచి తీస్తాం, ఎముకగా మారిపోయిన భాగాన్ని వదిలేస్తాం. తరవాత నమూనా సరిపోయేదాకా గుంటని చల్లటి సెలైన్ పోస్తూ మెల్లగా తొలుస్తాం. నమూనా వదులుగా కూర్చున్నాకే అసలు పన్ను జోలికెళ్తాం. పంటి చుట్టూ పొరని సన్నటి బ్లేడుతో విడదీసి, తల మాత్రమే పట్టుకుని పైకి తీసి, వేరుకి ఏదీ తగలకుండా కొత్త చోట కూర్చోబెడతాం. వరసకంటే కాస్త లోతుగా పెడతాం, కొరికినప్పుడు ఎదుటి పన్ను తగలకూడదు. దారంతో కుట్టి ఆపుతాం, అవసరమైతే సన్నటి తీగ. వారం పది రోజులే.

మామయ్య: గట్టిగా బిగించకండి. కదలనివ్వాలి.

చెల్లి: కదలనిస్తాం. కదలకపోతే అతుక్కుంటుంది. ఆ తరవాత నెలనెలా ఫిల్ము, తట్టి చప్పుడు వినడం. ఏడాదికి వేరు లోపలి నాళం మెల్లగా సున్నం కట్టి సన్నబడుతుంది. చూసి భయపడొద్దు, లోపలి గుజ్జు బతికుందనడానికి గుర్తది. నీ తీగ మూడు నాలుగు నెలల తరవాత.

మామయ్య: నాలుగు. ముందు నేను ముట్టుకోను. ముట్టుకున్నా, అందరికీ పెట్టే బలంలో సగమే పెడతాను.

ఆ మాటతో వాదన ఎటు తిరిగిందో ముగ్గురికీ తెలిసింది. కానీ మామయ్య ఇంకో ప్రశ్న దాచుకున్నాడు. నేను అడగలేక ఊరుకున్నది కూడా అదే.

మామయ్య: నువ్వు ఇప్పటిదాకా ఇలాంటివి ఎన్ని చేశావమ్మాయ్?

చెల్లి: ముందుపన్ను స్థానంలో ప్రీమోలార్ నాటినవి నాలుగు. జ్ఞానదంతాన్ని దవడపన్ను స్థానంలో పెట్టినవి ఇంకొన్ని. నాలుగింటిలో ఒకటి పోయింది. తీసేటప్పుడు నా చేతిలో జారింది, ఫోర్సెప్స్ వేరుకి తగిలింది. ఆరు నెలలకి ఖంగుమంది.

ఆ నిజం చెప్పడానికి దానికి ఎంత కష్టమైందో దాని గొంతులో వినిపించింది.

చెల్లి: అందుకే వీడికి నేను చెయ్యను. నాకు నేర్పిన మేడమ్ చేస్తారు. ఆవిడ ఇరవయ్యేళ్ళుగా చేస్తున్నారు. నేను పక్కన నిలబడి గుంట తడిగా ఉంచుతాను, పన్ను అందిస్తాను. స్కాన్‌లో వేరు వంకరగా ఉందన్నా, ఎముక వెడల్పు చాలదన్నా ఆవిడ వద్దంటారు. వద్దంటే నీ మొదటి దారిలోనే వెళ్దాం, ఒక్క మాట ఎదురు చెప్పను.

మామయ్య చాలాసేపు ఫిల్ము చూశాడు. మళ్ళీ మావాడిని దగ్గరికి పిలిచి, నోరు తెరవమని, కింది ప్రీమోలార్‌ని వేలితో తాకి చూశాడు. పుచ్చు లేదు, గార లేదు, చిగుళ్ళు ఎర్రగా లేవు. నెల రోజులు పొద్దునా రాత్రీ పళ్ళు ఎలా తోముకుంటాడో చూసి గానీ మేడమ్ దగ్గరికి తీసుకెళ్ళొద్దని నాతో చెప్పాడు. శుభ్రంగా లేని నోట్లో ఏదీ నాటకూడదట. స్కాన్ సీడీ ఆవిడకంటే ముందు తనకి పంపమన్నాడు. దసరా సెలవులు ఎప్పుడిస్తారని అడిగాడు.

అంతసేపూ అరుగు మీద కూర్చుని అన్నీ విన్న మావాడు అప్పుడు నోరు విప్పాడు.

"పిన్నీ, ఈసారి పాలు ఎవరు తెస్తారు?"

చెల్లి వాడి పక్కన కూర్చుంది. "పాలు అక్కర్లేదు నాన్నా. నీ పన్ను బయట ఉండేది కాసేపే. నీ ఎక్కాల్లో రెండో ఎక్కం మొదలుపెట్టు, చూద్దాం."

వాడు మొదలుపెట్టాడు. రెండు ఏళ్ళు పద్నాలుగు దగ్గర చెల్లి చెయ్యెత్తి ఆపింది.

"అయిపోయింది. అప్పటికి లోపల ఉంటుంది."